తూము దగ్గర మొదలుపెట్టు

చివరి మడికి నీళ్లు అందకపోతే మా నాన్న ఆ మడిలో నిలబడి ఎన్నడూ తవ్వలేదు. పార భుజాన వేసుకొని గట్టు వెంట పైకి నడిచేవాడు. దారిలో ఎండ్రికాయ బొక్క కనిపిస్తే మడమతో మట్టి తొక్కేవాడు. ఎవరో తమవైపు మళ్లించుకున్న మడవ కనిపిస్తే ఆ రైతును పలకరించేవాడు. ఇంకా పైకి పోతే తూము, అక్కడ నీళ్లు వదిలే లష్కరు. మాది నిడమనూరు. సాగర్ ఎడమ కాలువ కింది ఊరు. 1967 ఆగస్టు 4న సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. చెలకలు మడులైన ఆ కాలం తర్వాత పుట్టినవాళ్లం మేము. నీళ్లు ఎటు నుంచి వస్తాయో, రాకపోతే ఎటు నడవాలో మాకెవరూ పనిగట్టుకొని నేర్పలేదు.

మందుల కంపెనీ ల్యాబులో గ్యాస్ క్రోమటోగ్రాఫ్ ముందు కూర్చున్న మొదటి ఏడాది ఆ తెలివంతా ఎటు పోయిందో పోయింది.

ఒక నైట్ షిఫ్ట్. రెసిడ్యువల్ సాల్వెంట్స్ పరీక్ష, హెడ్‌స్పేస్ జీసీ మీద. అర్ధరాత్రి దాటాక స్టాండర్డ్ పీకులన్నీ ఉన్నట్టుండి పొట్టివైపోయాయి. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ముందు సెప్టం మార్చాను, తగ్గలేదు. లైనర్ మార్చాను, తగ్గలేదు. ఇక కాలమ్ మీద అనుమానం వచ్చి ముందుకొసన అరమీటరు కోసేశాను. ఇప్పుడు పీకులు పొట్టిగా ఉండటమే కాదు, రావాల్సిన సమయానికంటే ముందే రావడం మొదలుపెట్టాయి. ఒక రోగంతో మొదలై తెల్లవారేసరికి రెండయ్యాయి. ఆరు దాటాక వచ్చిన సీనియర్ మిషన్ వైపు చూడనేలేదు. ట్రేలోంచి ఒక వయల్ తీసి రెండు వేళ్లతో మూత తిప్పాడు. అది గిర్రున తిరిగింది.

"క్రింపర్ లూజ్ అయింది. ఇది చూసినవా?"

"చూడలే అన్నా."

"మరి రాత్రంతా ఏం జేసినవ్?"

చేసిందంతా చెప్పాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. "కాలమ్ ఎంత కోసినవో లాగ్‌బుక్‌ల రాయి" అని టీ తాగడానికి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో.

ఈ అధ్యాయం మిర్యాలగూడలోనో కోదాడలోనో సూర్యాపేటలోనో డిగ్రీ చదివి, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ముగించి, క్యూసీ ల్యాబులో కొత్తగా చేరిన తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం. మన దగ్గర ఈ ఉద్యోగం దూరపు ముచ్చటేం కాదు. నిడమనూరు పక్కనే ఉన్న త్రిపురారం మండలం పెద్దదేవులపల్లిలో డాక్టర్ రెడ్డీస్ వాళ్ల ముడిమందుల ప్లాంటు ఉంది. హైదరాబాద్ దారిలో చౌటుప్పల్ దగ్గర దివీస్ ఉంది. నగరం చుట్టూ జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం ఉన్నాయి. మిర్యాలగూడ మిల్లుల తవుడు నూనెగా మారేచోట కూడా ఈ మిషన్‌కు పని ఉంటుంది. తవుడు నూనెను హెక్సేన్‌తో తీస్తారు కాబట్టి నూనెలో ఎంత హెక్సేన్ మిగిలిందో కొలవాలి. ఇంటర్వ్యూలో మీరంతా 1952లో జేమ్స్, మార్టిన్ అనే ఇద్దరు గ్యాస్-లిక్విడ్ క్రోమటోగ్రఫీ మీద పేపరు వేశారని గడగడా చెప్తారు. అర్ధరాత్రి పీక్ రాకపోతే ఏ వైపు నడవాలో మాత్రం ఏ సిలబస్‌లోనూ ఉండదు.

అసలు లోపల ఏం జరుగుతుందో ఒక్కసారి చెప్పుకుందాం. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు ఊరి నుంచి ఒక గుంపు ఒకేసారి బయల్దేరిందనుకోండి. కొందరు ఎక్కడా ఆగకుండా నడుస్తారు. కొందరు ప్రతి కల్లు మండువా దగ్గరా, ప్రతి చుట్టపింటి దగ్గరా ఆగుతారు. బయల్దేరినప్పుడు ఒకటే గుంపు, గట్టు కిందికి చేరేసరికి విడివిడి జట్లు. మన కాలమ్ ఆ దారి. రెసిడ్యువల్ సాల్వెంట్స్‌కు ఎక్కువగా వాడే కాలమ్ 30 మీటర్ల పొడవు, 0.32 మిల్లీమీటర్ల లోపలి వెడల్పు, గోడకు 1.8 మైక్రాన్ల పూత. మిథనాల్‌ను ఆ పూత పెద్దగా పట్టి ఉంచలేదు, త్వరగా బయటపడుతుంది. టొలుయీన్ ఆగి ఆగి వస్తుంది. ఓవెన్ వేడి పెంచితే ఆగేవాళ్లంతా లేచి త్వరత్వరగా నడుస్తారు. తోసుకుంటూ తీసుకెళ్లేది క్యారియర్ గ్యాస్: నైట్రోజన్, హీలియం లేదా హైడ్రోజన్. గట్టు మీద నిలబడి వచ్చినవాళ్లను లెక్కబెట్టేది డిటెక్టర్.

లెక్క తప్పితే ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి. ఐసీహెచ్ మార్గదర్శకం ప్రకారం మందులో మిథనాల్ 3000 పీపీఎం, టొలుయీన్ 890, డైక్లోరోమీథేన్ 600 దాటకూడదు. బెంజీన్ అయితే 2 పీపీఎం. ఆ రెండు పీపీఎంలను పట్టుకోవాల్సిన మిషన్ ముందు మనం నిద్రమత్తులో కూర్చుంటాం.

జీసీలో పారేది ఒక కాలువ కాదు, మూడు. ఈ సంగతి నాకు అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది. మొదటిది క్యారియర్ గ్యాస్ కాలువ: సిలిండర్, రెగ్యులేటర్, తేమనూ ఆక్సిజన్‌నూ పట్టే ట్రాపులు, ఇన్‌లెట్, కాలమ్, డిటెక్టర్. రెండోది శాంపిల్ కాలువ: బాలెన్స్, ఫ్లాస్క్, డైల్యూయెంట్, వయల్, మూత, సిరంజి లేదా హెడ్‌స్పేస్ లూప్, ఆ తర్వాత ఇన్‌లెట్. మూడోది డిటెక్టర్‌కు నేరుగా వచ్చే హైడ్రోజన్, గాలి. ఆ రాత్రి నా రోగం రెండో కాలువలో, అదీ మిషన్ బయటే ఉంది. నేను మొదటి కాలువను తవ్వాను.

కాబట్టి చెయ్యి పెట్టే ముందు ఏ కాలువో తేల్చుకోవాలి. దానికి స్క్రూడ్రైవర్ అక్కర్లేదు, నిన్నటి క్రోమటోగ్రామ్ పక్కన ఈ రోజుది పెట్టుకుంటే చాలు. పీకులు వచ్చే సమయం (రిటెన్షన్ టైమ్, ఆర్.టి.) మారకుండా ఎత్తు మాత్రమే తగ్గితే క్యారియర్, కాలమ్ చాలావరకు బాగున్నట్టే. వయల్ మూత చూడు, సిరంజి చూడు, స్ప్లిట్ చూడు, డిటెక్టర్ గ్యాసులు చూడు. పీకులన్నీ కలిసికట్టుగా ఆలస్యమైతే ప్రవాహం తగ్గింది, లేదా ఓవెన్ చల్లబడింది. చాలాసార్లు సెప్టం దగ్గరో కాలమ్ నట్టు దగ్గరో లీకు. ఒక్క పీకే స్థానం మారితే అది ప్రవాహం గొడవ కాదు. కాలువ తగ్గితే అందరి మడీ తగ్గాలి కదా. అప్పుడు ఆ పదార్థానికీ కాలమ్‌కూ మధ్య ఏదో మారింది. అసలు ఆ పీకు నువ్వనుకున్నది కాకపోవచ్చు కూడా.

తోకల సంగతీ అంతే. పీకులన్నిటికీ తోక వస్తే బిగింపులో తప్పు వెతకాలి: కాలమ్ కోత వంకరగా ఉందా, ఇన్‌లెట్‌లోకి చొప్పించిన కొలత మాన్యువల్‌లో చెప్పినంతే ఉందా. ఆల్కహాల్స్, అమైన్ల లాంటి వాటికే తోక వస్తుంటే లైనర్‌లోనో కాలమ్ ముందుకొసనో అంటుకుపోయే మురికి ఉంది. లైనర్ మార్చి, అప్పటికీ తగ్గకపోతేనే కాలమ్‌ను పది, ఇరవై సెంటీమీటర్లు కోయాలి. కోసేది సిరామిక్ వేఫర్‌తో, ఒక్క గీత గీసి విరవాలి. విరిచిన కొసను భూతద్దంలో చూడకుండా బిగించేవాణ్ణి నేను నమ్మను. నట్టుకు ఫెర్రూల్ ఎక్కించాక కొస విరవాలన్న వరస కూడా గుర్తుంచుకో. తిరగేసి చేస్తే ఫెర్రూల్ నుంచి గీరుకుపోయిన పొడి కాలమ్ నోట్లోనే కూర్చుంటుంది.

కొత్తగా బిగించిన ఫెర్రూల్ ఓవెన్ కొన్నిసార్లు వేడెక్కి చల్లారాక వదులవుతుంది, ముఖ్యంగా గ్రాఫైట్ కలిపిన వెస్పెల్ రకం. సాయంత్రం బాగున్న మిషన్ పొద్దునకు లీకవడం వెనక చాలాసార్లు ఉండేది ఇదే. మళ్లీ కొద్దిగా బిగించాలి. కొద్దిగా అన్న మాటకు కొలత లేదు, చేతికే అలవాటు కావాలి. బలమంతా పెడితే ఫెర్రూల్ నలిగి కాలమ్ విరుగుతుంది. లీకు వెతకడానికి సబ్బునీళ్లు పూసే అలవాటు వంటింటి గ్యాస్ సిలిండర్ నుంచి వచ్చింది. ఇక్కడ వద్దు. ఆ సబ్బు లోపలికి పీల్చుకుపోయి కాలమ్‌ను పాడుచేస్తుంది. ఎలక్ట్రానిక్ లీక్ డిటెక్టర్ ల్యాబులో ఎక్కడుందో మామూలు రోజునే తెలుసుకొని ఉండు.

2022 సెప్టెంబరులో మా నిడమనూరు మండలంలోనే ఎడమ కాలువకు గండి పడింది. పొలాలు మునిగాయి. అలాంటప్పుడు గండి దగ్గర ఇసుక బస్తాలు వేయడానికంటే ముందు పైన గేట్లు దించాలి. దించాక కూడా కాలువలో ఉన్న నీళ్లు గంటల తరబడి వస్తూనే ఉంటాయి. హైడ్రోజన్ విషయంలో నాకు ప్రతిసారీ ఇదే గుర్తొస్తుంది. హైడ్రోజన్‌ను క్యారియర్‌గా వాడుతున్నప్పుడు కాలమ్ విప్పితే, ముందు పైన వాల్వు మూయాలి, తర్వాతే నట్టుకు స్పానర్ పెట్టాలి. గ్యాస్ వదిలేసి కాలమ్ విప్పితే ఓవెన్ పెట్టెలో హైడ్రోజన్ నిండుతుంది. అప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు, ఓవెన్ తలుపు ఊడి ఎగురుతుంది. నైట్రోజనైనా హీలియమైనా సరే, ఓవెన్ వేడిగా ఉండగా క్యారియర్ ఆపకూడదు. వేడి కాలమ్‌లోకి గాలి చేరితే అందులోని ఆక్సిజన్ పూతను తినేస్తుంది. ముందు చల్లార్చు, తర్వాత మూయి. సిలిండర్ పూర్తిగా ఖాళీ అయ్యేదాకా లాగడం పొదుపు కాదు. సీక్వెన్స్ మధ్యలో ఒత్తిడి పడిపోతే రాత్రంతా పెట్టిన ఇంజెక్షన్లు పోతాయి, కాలమ్ కూడా పోవచ్చు.

ఇక మూడో కాలువ. మంటతో పనిచేసే డిటెక్టర్ ఎఫ్.ఐ.డి. దాని మంట వెలగకపోవడం జూనియర్లకు పెద్ద భయం, నిజానికి తేలికైన జబ్బు. హైడ్రోజన్ నిమిషానికి 30 నుంచి 40 మిల్లీలీటర్లు, గాలి 300 నుంచి 400. ఇంచుమించు ఒకటికి పది. ఈ లెక్క తప్పితే మంట నిలవదు. డిటెక్టర్ 150 డిగ్రీలు దాటకముందే వెలిగించొద్దు. హైడ్రోజన్ మండితే పుట్టేది నీరే, చల్లటి డిటెక్టర్‌లో అది చెమ్మగా పేరుకుంటుంది. వెలిగిందో లేదో తెలియాలంటే మెరిసే స్పానర్‌ను డిటెక్టర్ నోటికి పైన పట్టు. ఆవిరి పడితే మంట ఉన్నట్టు. పైకి వంగి కంటితో చూడబోకు, ఆ మంట దాదాపు కనిపించదు, కానీ కాలుతుంది. హైడ్రోజన్ జనరేటర్ వాడే ల్యాబుల్లో నీలం సిలికాజెల్ గులాబీ రంగుకు మారిందేమో, నీళ్ల మట్టం తగ్గిందేమో చూడాలి. వానాకాలంలో గాలి కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు చేరతాయి. కింది డ్రెయిన్ విప్పితే బుస్సున నీళ్లొచ్చిన రోజు బేస్‌లైన్ ఎందుకు గంతులేస్తోందో దానంతటదే తెలుస్తుంది.

బేస్‌లైన్ చెదురుతుంటే ఒక చిన్న ఉపాయం. కాలమ్‌ను డిటెక్టర్ నుంచి విప్పి, ఆ రంధ్రాన్ని మూసే నట్టుతో బిగించి మంట వెలిగించు. చెదురు అలాగే ఉంటే తప్పు డిటెక్టర్‌లోనో దాని గ్యాసుల్లోనో కరెంటులోనో ఉంది. ఆగిపోతే పైన, కాలమ్ వైపు ఉంది. సగం తూము మూసి ఏ సగంలో నీళ్లు పోతున్నాయో చూడటం లాంటిదే ఇది. లేని పీకులు, అదే ఘోస్ట్ పీకులు, వస్తున్నప్పుడు కూడా ఇంతే. ఏ ఇంజెక్షనూ లేకుండా ఓవెన్ ప్రోగ్రామ్ ఒక్కటే నడిపించు. అప్పుడూ వస్తే సెప్టం, లైనర్, క్యారియర్ గ్యాస్. బ్లాంక్ పెట్టినప్పుడే వస్తే డైల్యూయెంట్, వయల్, సిరంజి. లేదా ల్యాబు గాలి. కరోనా రోజుల్లో నేను పనిచేసిన ఒకచోట హెడ్‌స్పేస్ బ్లాంకుల్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పీకు వారంపాటు పీడించింది. సీసా సీసా మార్చాం, కొత్త లాట్ డైల్యూయెంట్ తెప్పించాం. చివరికి చూస్తే వయళ్లు నింపే బల్ల మీదే శానిటైజర్ డబ్బా ఉంది. చేతులు రుద్దుకోవడం, వయల్ నింపి మూత బిగించడం, మళ్లీ చేతులు రుద్దుకోవడం.

ఒక మైక్రోలీటరు నీళ్లను నేరుగా వేడి ఇన్‌లెట్‌లోకి ఇంజెక్ట్ చేస్తే అది వెయ్యి మైక్రోలీటర్లు దాటిన ఆవిరవుతుంది. మామూలు లైనర్ లోపల చోటే ఒక మిల్లీలీటరుకు అటూఇటూ. మిగతాది ఎటు పోతుందో ఆలోచించు. గ్యాస్ వచ్చే గొట్టాల్లోకి వెనక్కి తన్ని, తర్వాతి శాంపిల్‌లో ఘోస్ట్‌గా తేలుతుంది. నీళ్ల శాంపిళ్లకు తక్కువ వాల్యూమ్ పెట్టమనేది అందుకే.

ఇవన్నీ ఒకటి రెండేళ్లలో చేతికి వస్తాయి. రానిది ఇంకొకటి ఉంది: ఒకసారికి ఒక్కటే మార్చి ఆగడం. భయంలో ఉన్న మనిషికి చేతులు ఊరుకోవు. మూడు మార్చితే తగ్గుతుందేమో, కానీ ఏది తగ్గించిందో తెలియదు. వచ్చే నెల అదే రోగం వస్తే మళ్లీ మూడూ మారుస్తావు. నేను నాకోసం పెట్టుకున్న పద్ధతి మొరటుది. ఒక భాగం మార్చాక, బ్లాంక్ నడుస్తున్నంతసేపు కుర్చీలోంచి లేచి బయటికి వెళ్లేవాణ్ణి. చెయ్యి దూరంగా ఉంటే ఇంకోటి విప్పదు.

రెండోది నోరు. మన పిల్లల్లో చాలామంది తెలియదని చెప్పలేక రాత్రంతా మిషన్‌తో కుస్తీ పడతారు, సార్ తిడతారని. తిట్టించే మాట "పని చేయట్లేదు సార్" అన్నదే. దాని బదులు ఇలా చెప్పి చూడు: "సార్, పీకు ఏరియా సగానికి తగ్గింది, ఆర్.టి. మారలేదు, బ్లాంక్ శుభ్రంగా ఉంది. వయల్ మూతలు చూస్తున్నా. అరగంట ఇవ్వండి." నీకు కారణం ఇంకా తెలియదు. కానీ ఎంతవరకు నడిచావో అవతలివాళ్లకు తెలిసింది. అప్పుడు తిట్టేవాళ్లు తక్కువ. తిట్టినా అది నిద్ర చెడిన తిట్టే.

మూడోది కష్టమైనది. పాస్ అయ్యేదాకా ఇంజెక్ట్ చెయ్ అనే మాట ఎప్పుడో ఒకసారి వింటావు. నేనూ విన్నాను, బ్యాచు లారీ ఎక్కాల్సిన సాయంత్రం. 1993లో అమెరికాలో బార్ ల్యాబొరేటరీస్ కేసులో కోర్టు సరిగ్గా దీన్నే తప్పుపట్టింది. ఫెయిలైన ఫలితాన్ని కారణం వెతక్కుండా మళ్లీ మళ్లీ పరీక్షించి పాస్ చేయించుకోవడం కుదరదంది. ఓఓఎస్ (అవుట్ ఆఫ్ స్పెసిఫికేషన్) దర్యాప్తుల పద్ధతి మీద ఆ తీర్పు నీడ ఇప్పటికీ ఉంది. మన దగ్గరికొస్తే, 2015 నవంబరులో అమెరికా ఎఫ్.డి.ఎ. డాక్టర్ రెడ్డీస్‌కు పంపిన హెచ్చరిక లేఖలో మిర్యాలగూడ, శ్రీకాకుళం ముడిమందుల ప్లాంట్లు, దువ్వాడ యూనిట్ ఉన్నాయి. ల్యాబు డేటా మీద అదుపు అందులోని పెద్ద అభ్యంతరాల్లో ఒకటి. కంపెనీల పెద్ద లెక్కలు మనకు అనవసరం. మన నల్లగొండ జిల్లాలో రాత్రి పూట తీసిన క్రోమటోగ్రామ్‌ను సముద్రం అవతల ఎవరో తెరిచి చూస్తారన్న సంగతి మాత్రం అవసరం. ఆ సాయంత్రం నేను "మిషన్ తప్పో శాంపిల్ తప్పో తేలాకే పెడతా సార్" అన్నాను. గొంతు వణికింది. కొన్ని రోజులు నా ముఖం చూడలేదు ఆ సార్. ఆ తర్వాత మామూలే.

మిషన్ తప్పని రుజువైతే రాసి, సరిచేసి, మళ్లీ పెట్టొచ్చు. రుజువు కాకపోతే ఆ ఫలితం ఫలితమే.

నోటుపుస్తకం గురించి ఒక జాగ్రత్త. వ్యక్తిత్వ వికాస పుస్తకాలన్నీ జేబులో చిన్న పుస్తకం పెట్టుకొని అన్నీ రాసుకోమంటాయి. మన ల్యాబులో ఆ సలహా పాటిస్తే ఉద్యోగం పోతుంది. బ్యాచ్ నంబరు, ఏరియా, బరువు లాంటివి చిత్తుకాగితం మీద, అరచేతి మీద రాసినా నేరమే. రాయాల్సింది మిషన్ లాగ్‌బుక్‌లో, అప్పటికప్పుడు, సంతకం, సమయంతో. రూముకు వెళ్లాక సొంత పుస్తకంలో అంకెలు లేకుండా, లక్షణమూ కారణమూ మాత్రం రాసుకో. నా పుస్తకంలో మొదటి పేజీ మీద "మూత తిప్పి చూడు" అని ఉంది.

షిఫ్ట్ అప్పగించేటప్పుడు చాలామంది మార్చినవే రాస్తారు. ముట్టుకోనివి కూడా రాయి. "సెప్టం మార్చాను. బ్లాంక్ పెట్టాను, ఘోస్ట్ పీకు అలాగే ఉంది. లైనర్, కాలమ్ ముట్టుకోలేదు. సిలిండర్ ఒత్తిడి చూశాను, బాగుంది." పొద్దున వచ్చినవాడు ఆ మూడో వాక్యం చదివి, తిన్నగా లైనర్ దగ్గరికి పోతాడు.